ఆకాశంలో అతుకు

“మా నాయిన లండన్ పోయిండా, పోలేదా? ఒక్కటే మాట జెప్పు.”

1979 నవంబరులో ఒక మధ్యాహ్నం ఎనభై రెండేళ్ళ భద్రమ్మ ఈ ప్రశ్న వేసింది. వేసింది చరిత్ర పండితుడికి కాదు, కొత్తవాడలో జంపఖానాలు నేసే ఆడెపు వెంకట్రాజానికి. లండన్ మాట అటుంచి, వెంకట్రాజం కాజీపేట దాటి రైల్లో పోయింది జన్మలో రెండే సార్లు. చదువు లేదు. సంతకం మాత్రం చేనేత సొసైటీ వాళ్ళు నేర్పారు. అయినా హనుమకొండ బజారు మూడు తరాలుగా నమ్మిన ఒక సంగతి గురించి ఆ రోజు నిజం చెప్పగలిగినవాడు అతనొక్కడే. చెప్పకుండా ఉండడానికి పది రోజులు నానా తంటాలు పడ్డాడు కూడా.

మనకొక పాడు అలవాటుంది. చేతిపని చేసేవాణ్ణి పొగడాలంటే వాడి చేతుల్ని పొగుడుతాం. బంగారు చేతులంటాం, శాలువా కప్పుతాం, పక్కన నిలబడి ఫోటో దిగుతాం. వాడికి కళ్ళు కూడా ఉంటాయనీ, ఆ కళ్ళతో చూసినదాని మీద వాడికొక అభిప్రాయం ఉంటుందనీ ఎవరికీ తట్టదు. వెంకట్రాజం చేతులు మామూలువే. కుడి బొటనవేలి గోరు ఏనాడో చితికి నల్లబడింది. అతని దగ్గర చెప్పుకోవాల్సింది కళ్ళ గురించే.

ఏడేళ్ళప్పుడు తండ్రి అతన్ని మగ్గానికి ఎడమ పక్కన కూర్చోబెట్టాడు. పెద్ద జంపఖానా ఒక్కడితో అయ్యే పని కాదు. ఇద్దరు పక్కపక్కన కూర్చుని, నిలువు పోగుల మధ్య నుంచి రంగు నూలును అడ్డంగా తీస్తూ, పంజా అనే ఇనుప దువ్వెనతో కొట్టి బిగిస్తూ పోవాలి. ఎదురుగా నక్షా వేలాడుతుంటుంది. అంటే గళ్ళ కాగితం మీద గీసుకున్న బొమ్మ. గడికి ఇన్ని పోగులని లెక్క. తండ్రి పోయాక వెంకట్రాజం కుడి పక్కకు జరిగాడు, ఎడమ చోటు భార్య చిలుకమ్మది అయింది. ఇరవై అయిదేళ్ళు వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఒకే గోడను చూస్తూ మాట్లాడుకున్నారు.

బట్టను చూడడం అతనికి ఒక జబ్బు. బస్సెక్కితే ముందు సీటువాడి వీపు మీద చొక్కా పోగులు లెక్కపెట్టేవాడు. ఒకసారి సొసైటీ తనిఖీకి వచ్చిన అధికారిని ఆపి, “సార్, మీ పాయింటు బట్ట మిల్లుల తీసేసిన మాల్, మోకాలి కాడ పోగు తప్పింది” అని చెప్పాడు. అధికారి ఆ పూట తనిఖీ తొందరగా ముగించాడు.

“పెండ్లికి తీస్కపోతె పెండ్లిపిల్ల మొకం సూడడు, చీర అంచు సూస్తడు,” అనేది చిలుకమ్మ వచ్చినవాళ్ళతో. “నా మొకమన్న సూసిండో లేదో నాకు అనుమానమే.”

“సూసిన తియ్యి,” అనేవాడు అతను పని ఆపకుండా. “ముక్కు జర ఎడమకు గుంజింది.”

ఇక లండన్ సంగతి. హనుమకొండ చౌరస్తా నుంచి లోపలికి మళ్ళితే ‘లండన్ హౌజ్’ అని ఒక బట్టల దుకాణం ఉండేది. యజమాని కిషన్ రావు. 1905లో దాన్ని పెట్టింది అతని తాత మాణిక్ రావు. పేరు ఊరికే పెట్టలేదు. మాణిక్ రావు 1889లో లండన్ వెళ్ళొచ్చాడన్నది ఆ ఇంటి కథ. పదకొండు నెలలు ఊళ్ళో లేడు. తిరిగొచ్చేటప్పుడు నెత్తి మీద టోపీ, చేతిలో గొడుగు, దళసరి అట్ట మీద అతికించిన ఒక ఫోటో తెచ్చాడు. ఫోటోలో వెనక పెద్ద చర్చి, దాని ముందు రాళ్ళు పరిచిన వీధి, వీధిలో మాణిక్ రావు. సముద్రం దాటాడని కులపెద్దలు ఇంటిని వెలివేశారు. ఏడేళ్ళ తర్వాత జరిమానా కట్టి కులంలో కలిశాడు గానీ, పిల్లనిచ్చి పుచ్చుకునే దగ్గర ఆ మచ్చ పోలేదు. ఎవరెంత అడిగినా ఆయన ‘పోలేదు’ అని ఒక్క మాట అనలేదట. ఆ ధైర్యాన్ని ఆ ఇంట్లో పిల్లలకు గోరుముద్దలతో పాటు తినిపించారు. ఫోటోకు దసరాకు దండ, దీపావళికి దీపం. కొత్త గిరాకీ వస్తే బట్టల తాను విప్పకముందే దుకాణం వెనక ఇంట్లోకి తీసుకెళ్ళి ఫోటో చూపించేవారు.

దుకాణానికి డెబ్భై అయిదేళ్ళు నిండుతున్నాయి. ఉగాదికి వేడుక చేయాలనీ, ఆ ఫోటోను ఆరడుగుల జంపఖానాగా నేయించి దుకాణంలో తాను కూర్చునే గద్దె వెనక గోడకు వేలాడదీయాలనీ కిషన్ రావుకు బుద్ధి పుట్టింది. బొమ్మలు నేయడంలో కొత్తవాడలో ఎవరు దిట్ట అని అడిగితే అందరూ వెంకట్రాజం పేరే చెప్పారు. నూలు దుకాణం ఇస్తుంది, కూలి నాలుగు వందల ఎనభై. ఒక్కటే షరతు, ఫోటో ఇల్లు దాటదు. నక్షా గీసుకోవాలంటే రోజూ మధ్యాహ్నం వచ్చి ముందుగదిలో కూర్చుని గీసుకోవాలి.

ఆ ముందుగదిలోనే, కిటికీ పక్క కుర్చీలో, భద్రమ్మ కూర్చుని ఉండేది. మాణిక్ రావు కూతురు, కిషన్ రావుకు మేనత్త. ఆమె కథ క్లుప్తంగా చెప్పొచ్చు, ఎందుకంటే ఆమెకు కథ జరగనివ్వలేదు. పుట్టినప్పటి నుంచే మేనమామ కొడుక్కు అనుకున్న పిల్ల. ఆమెకు పదకొండేళ్ళప్పుడు, 1908లో, సముద్రం దాటినవాడి కూతురని అవతలి ఊరి పెద్దలు అడ్డం పడ్డారు. సంబంధం చెడింది. చివరికి నెక్కొండలో నలభై రెండేళ్ళ మనిషికి రెండో పెళ్ళాంగా ఇచ్చారు. మూడేళ్ళకు అతను చనిపోయాడు. పద్నాలుగో ఏట పుట్టింటికి తిరిగొచ్చి, వెనకగదిలో అరవై ఎనిమిదేళ్ళుగా ఉంటోంది. “నా బతుకు పోతే పోయింది గని, మా నాయిన లండన్ సూసిండు” అని చెప్పుకునేది. దుఃఖంగా కాదు, గట్టిగా, గర్వంగా. ఆమెకు మిగిలిన ఆస్తి అంతా ఆ ఒక్క వాక్యమే.

ఆమె రెండు కళ్ళకూ శుక్లాలు. ఫోటో ఉందని తెలుసు, అందులో ఏముందో ఇరవై ఏళ్ళుగా కనపడదు. అందుకని వెంకట్రాజం గళ్ళ కాగితం మడుస్తుండగా రోజూ అడిగేది.

“ఇయ్యాల ఏం సూసినవ్ రాజం?”

“చర్చి గడియారం అమ్మా. పదీ పది అయింది.”

“పొద్దుగాలనా, రాత్రా?”

“ఎల్తురు మంచిగుంది. పొద్దుగాలనే.”

“గంత పొద్దుగాల తయారై బజార్ల నిలవడ్డడా! ఇంట్ల తొమ్మిదైనా లేవకపోయెటోడు మా నాయిన.”

ఒక ఫోటోను ఎలా చూడాలో విశ్వవిద్యాలయాల్లో రెండేళ్ళు చెప్తారు. వెంకట్రాజం ఆ పనిని గడి తర్వాత గడిగా చేశాడు. చర్చి తలుపు మీది విల్లువంపులో ఎన్ని రాళ్ళున్నాయో లెక్కపెట్టాడు. రంగులేని ఆ ఫోటోలో కూడా కిటికీ అద్దాలు రంగురంగులవని కనిపెట్టాడు, ఎందుకంటే పక్కపక్క ముక్కలు వేరువేరు నలుపుల్లో ఉన్నాయి. దీపస్తంభం, బుట్ట పట్టుకున్న ఆడమనిషి, గోడ వారన ముడుచుకున్న కుక్క, వీధి చివర సన్నబడిపోయే ఇళ్ళు, ఒక్కొక్కటీ వృద్ధురాలికి అప్పజెప్పాడు. “ఈ ఊరు కట్టినోడు మొనగాడు అమ్మా. ఒక్క గోడ ఎక్కువ లేదు, తక్కువ లేదు,” అన్నాడు. కళ్ళముందున్నది ఎవరో కట్టిన ఊరేనని అప్పటికి అతనూ నమ్ముతున్నాడు.

ఒక రోజు మాత్రం కాస్త తికమకపడ్డాడు.

“పొగగొట్టంల పొగ ఇటు పోతాంది, చర్చి మీద జెండా అటు కొట్టుకుంటాంది. లండన్ల గాలి రెండు దిక్కులు కొడ్తదా అమ్మా?”

“పెద్ద ఊరు గదా,” అంది భద్రమ్మ. “కొడ్తదేమో.”

ఆకాశం దగ్గర పని ఆగింది. ఫోటోలో మూడో వంతు ఆకాశమే. ఖాళీగా ఉన్నదాన్ని నేయడం కష్టం. ఏ నలుపు ఎక్కడ తెలుపుగా మారుతుందో మామూలు కంటికి ఆనదు. వెంకట్రాజం గడియారాలు బాగుచేసే యాకయ్యను బతిమాలి, అతను కంటికి బిగించుకునే అద్దాన్ని రెండు వారాలకు తెచ్చుకున్నాడు. ఫోటోను కిటికీ వెలుతురుకు పెట్టి, ఆకాశంలోకి చూశాడు.

ఆకాశంలో పోగులున్నాయి.

అద్దం తీసి పంచె అంచుతో తుడిచాడు. మళ్ళీ చూశాడు. నిలువు, అడ్డం, నిలువు, అడ్డం. దొడ్డు నూలుతో నేసిన సాదా నేత, మన గోనెకంటే కొంచెం నయం. చర్చి మీదికి దిగాడు, రాళ్ళలో పోగులు. కుక్క వీపు మీద పోగులు. మాణిక్ రావు మొహం మీదికి వచ్చాడు, పోగుల్లేవు. గొడుగు మీద లేవు. గొడుగు పక్కనే మొదలైన వీధిలో ఉన్నాయి. మళ్ళీ పైకి పోతే ఆకాశానికి అడ్డంగా, ఈ కొస నుంచి ఆ కొసకు, సన్నటి గీత. రెండు బట్టలను కలిపి కుట్టిన అతుకు అది. కుట్టినవాడికి తొందరేమో, రెండు మూడు చోట్ల వదులుగా కుట్టాడు. అక్కడ ఆకాశం చిన్నగా నోరు తెరిచింది.

దొంగతనం చేసి పట్టుబడినవాడిలా చుట్టూ చూశాడట, తానేదో తప్పు చేసినట్టు.

“ఏం సూసినవ్ రాజం?” అంది కిటికీ పక్క నుంచి భద్రమ్మ.

“మబ్బు వట్టింది అమ్మా. ఇయ్యాల ఏం కనపడలే.”

ఆ సాయంత్రం మగ్గం ముందు కూర్చుని గోడతో చెప్పినట్టు చిలుకమ్మతో చెప్పాడు.

“మొత్తం బట్టేనే. చర్చి బట్ట, బజారు బట్ట, ఆకాశం బట్ట. ఎవడో రంగులేసి గీసిండు. మాణిక్ రావొక్కడే మనిషి.”

“పరదానా?”

“పరదానే.”

“మన పెద్దపిల్ల లగ్గం ఫోటో ఎనక తాజ్‌మహల్ లేదా? అది ఆగ్రా పోయిందా?”

“నేనూ అదే అంటాన్న.”

“అనకు.” చిలుకమ్మ పంజాతో రెండు దెబ్బలు గట్టిగా వేసింది. “నేసియ్యి, పైసలు తెచ్చుకో. బట్టలమ్మెటోల్లకు బట్ట కనపడకపోతె నీకేం ఫికర్?”

నిజానికి దిగ్భ్రమ కలిగించేది ఇదే. కిషన్ రావు ఇంట్లో నాలుగు పెళ్ళిళ్ళ ఫోటోలున్నాయి. నాలుగింటి వెనకా స్టూడియో పరదాలే. ఒకదాని వెనక జలపాతం, ఒకదాని వెనక విమానం. విమానం ముందు నిలబడ్డ అల్లుడు పైలట్ అని ఎవరూ అనుకోలేదు. అనుకుంటే నవ్వేవారు. పైగా మూడు తరాలుగా బట్టను వేళ్ళ మధ్య నలిపి నూలు నంబరు చెప్పే వంశం. అయినా గోడ మీద, దండ కింద, కళ్ళెదుట ఉన్న బట్ట ఒక్కరికీ కనపడలేదు. దండలు వేయడం మొదలైన చోట చూడడం ఆగిపోతుంది, అంతే.

వెంకట్రాజం భార్య మాటే విన్నాడు. పది రోజులు నోరు కట్టుకున్నాడు. భద్రమ్మ అడిగినప్పుడల్లా ఎప్పుడో చెప్పిన కుక్క గురించే మళ్ళీ చెప్పాడు. కానీ నక్షా అతని మాట వినలేదు. చర్చి గోపురం సగం దగ్గర బొటనవేలంత పక్కకు వంగి ఉంది. అది గోపురం వంకర కాదు, పరదా అక్కడ జారి ముడత పడింది. సరే, మనమే తిన్నగా గీద్దామని గీస్తే పక్క ఇంటి కప్పు తెగిపోతోంది, కిటికీలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయి, గళ్ళ లెక్క కలవడం లేదు. మూడు కాగితాలు పాడయ్యాయి. లెక్క కలవని నక్షా మగ్గం ఎక్కదు. యజమానిని అడగక తప్పలేదు.

కిషన్ రావు మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు అడిగాడు. భద్రమ్మ ఎప్పటిలాగే కిటికీ దగ్గర ఉంది.

“సేటూ, ఒక్క మాట. ఈ గోపురం నడుమ వంకరుంది. వంకరగ నెయ్యాల్నా, సీదా నెయ్యాల్నా?”

“లండన్ల చర్చి వంకరెందుకుంటది? నీ సూపు వంకర.”

“చర్చి వంకర కాదు సేటూ. బట్ట జారింది.”

“ఏం బట్ట?”

వెంకట్రాజం తల దించుకున్నాడు. మాట దాటేయడం చేతనైన మనిషి అయితే అక్కడ ఏదో చెప్పి బయటపడేవాడు. అతనికి బట్ట గురించి అబద్ధం చెప్పడం రాదు, అదేమీ గొప్ప గుణం కాదు, అలవాటు లేక. యాకయ్య అద్దం తీసి కిషన్ రావు చేతిలో పెట్టాడు. “ఆకాశంల సూడుండ్రి. అతుకుంది.”

కిషన్ రావు చూడలేదు. అద్దాన్ని బల్ల మీద పడేశాడు.

“మా తాత కులం పోగొట్టుకుండు. ఊరంత ఉమ్మేస్తే నిలవడ్డడు. కొత్తవాడ నుంచి ఇయ్యాల నువ్వొచ్చి పరదా అంటానవా? నువ్వెప్పుడన్న లండన్ పోయినవా?”

“నేనేడ పోతా సేటూ. పోగులు గనపడ్డయని అన్న.”

“పోగులా! సూపిస్త ఆగు.”

ఇక్కడ కిషన్ రావు చేసిన పని ఆ ఇంట్లో డెబ్భై ఏళ్ళలో ఎవరూ చేయలేదు. వెంకట్రాజం నోరు మూయించాలని ఫోటోను గోడ నుంచి దించి, బట్ట కత్తిరించే కత్తెరతో చట్రం మేకులు పీకాడు. ఫోటో మీది అద్దం పక్కన పెట్టాడు. ఫోటో చుట్టూ నాలుగు వైపులా వెడల్పాటి నల్ల అట్ట అంచు ఉంది, అది ఊడి చేతికొచ్చింది.

మాణిక్ రావు అప్పటిదాకా మోకాళ్ళ వరకే ఉండేవాడు. ఇప్పుడు కాళ్ళు బయటపడ్డాయి. ఆ కాళ్ళు లండన్ వీధి రాళ్ళ మీద లేవు. చారల జంపఖానా మీద ఉన్నాయి. జంపఖానా అంచు కుచ్చులు కూడా కనపడుతున్నాయి. ఆయన వెనక జానెడు దూరంలో, వీధి, కుక్క, చర్చి అన్నీ ఒక వెదురుబొంగుకు చుట్టుకుపోయి ఆగిపోయాయి. బొంగు కింద మామూలు సున్నపు గోడ. ఫోటో అతికించిన అట్ట అడుగున ఏవో ఇంగ్లీషు అక్షరాలు అచ్చువేసి ఉన్నాయి.

కిషన్ రావు చేతిలో నల్ల అట్ట అలాగే ఉండిపోయింది.

“ఏమైంది?” అంది భద్రమ్మ. “కిషన్, ఏమైంది రా?”

“ఏం లేదత్తా. నువ్వు లోపటికి పో.”

“రాజం, ఏముంది ఆడ?”

వెంకట్రాజం గోడ వైపు చూస్తున్నాడు. అప్పుడు ఆమె కుర్చీ చేతులు పట్టుకుని లేచి, గొంతు వచ్చిన దిక్కుకు తిరిగి అడిగింది, తండ్రి లండన్ పోయిండా, పోలేదా అని.

“పోయిండో పోలేదో నాకెట్ల ఎరుకైతది అమ్మా,” అన్నాడు వెంకట్రాజం. “ఈ ఫోటో దిగిన్నాడు మాత్రం జంపఖానా మీద నిలవడ్డడు. ఎనకున్నది బట్ట. కింద బొంగుంది.”

“ఇంగ్లీషుల ఏమన్న రాసుందా? కిషన్, సదువు.”

“ఫోటో తీసినోని పేరత్తా.”

“ఊరు రాయరా?”

కిషన్ రావు ఫోటోను కిటికీ వైపు తిప్పి చదివాడు. “సికింద్రాబాద్.”

సికింద్రాబాద్. తొంభై మైళ్ళు కూడా లేదు. అప్పటికే రైలు ఉంది. పొద్దున ఎక్కితే ఆ రోజే దిగొచ్చు.

భద్రమ్మ ఏడవలేదు. మళ్ళీ కూర్చుంది. ఎవరూ ఊహించని ప్రశ్నలు అడిగింది. జంపఖానాకు చారలెన్ని? తొమ్మిది అన్నాడు వెంకట్రాజం. నాయిన కాళ్ళకు బూట్లున్నాయా? లేవు, చెప్పులు. ఆ తర్వాత, “ఆ నల్లట్ట ఎవలు వెట్టిచ్చిండ్రు?”

“తాతనే. దుకాణం తెరిసిన్నాడు చట్రం గట్టిచ్చిండని బాపు జెప్పేది. అప్పటిదాన్క పెట్టెలనె ఉండెనట.”

“అంటె కాళ్ళు దాసిండు.” ఆమె గొంతులో కోపం కూడా లేదు, లెక్క సరిచూసుకుంటున్నట్టుంది. “నా లగ్గం తప్పేముందట మా మేనమామ వచ్చిండు. గీ అరుగు మీదనే మూడు రోజులు కూసున్నడు. ‘బావా, పోలేదని ఒక్క మాటను, పిల్లను తీస్కపోత’ అని నాయిన కాళ్ళు వట్టుకుండు. నాయిన అనలే. నేను తలుపెనక ఉన్న. ఎంత గట్టోడు మా నాయిన అని మురిసిన.”

కిషన్ రావు చేతిలోని అట్ట కింద పడింది.

అబద్ధమాడిన తండ్రులు చాలామందే ఉంటారు. కూతురి బతుకు కాపాడడానికి అబద్ధమాడాల్సిన అవసరం కూడా లేకుండా, కేవలం నిజం చెప్తే సరిపోయే మనిషి ఈయన. ‘పోలేదు’ అంటే చాలు. అది నిజం కూడా. కానీ పోనివాడికి దుకాణం మీద లండన్ అని రాసుకునే వీలుండదు. పదకొండేళ్ళ పిల్లను నలభై రెండేళ్ళవాడికి ఇచ్చి, ఆయన బోర్డు నిలబెట్టుకున్నాడు. తలుపు వెనక పిల్ల మురిసిపోయింది. డెబ్భై ఏళ్ళు మురిసింది.

ముందుగా తేరుకున్నది కిషన్ రావే. వ్యాపారస్తుడు గదా.

“వెంకట్రాజం, ఈ మాట గడప దాటొద్దు. నువ్వు ఎప్పటి లెక్కనే నెయ్యి. గోపురం సీదా, కింద మోకాళ్ళ దాన్క. యాభై ఎక్కువిస్త.”

“కాళ్ళతోని నెయ్యి,” అంది భద్రమ్మ.

“అత్తా!”

“అతుకు గూడ ఎయ్యి. బొంగు గూడ. నేనిస్త పైసలు.”

“నీ కాడ యాడున్నయత్తా పైసలు?”

“నెలకు నువ్విచ్చే ఇరవైల పదిహేను ఇస్త. పాన్ తప్ప నాకేం ఖర్చు?”

వెంకట్రాజం ఇద్దరినీ చూశాడు. ఒకవైపు నూలూ కూలీ ఇచ్చే దుకాణం, పైన యాభై. ఇంకోవైపు పాన్ ఖర్చు మిగుల్చుకునే ముసలామె. నక్షా కాగితాలు చుట్టుకుని, “అమ్మ జెప్పినట్టె నేస్త సేటూ. లెక్క గూడ అట్లయితెనే కలుస్తది,” అన్నాడు. ఆ మర్నాడే కిషన్ రావు మనిషిని పంపి దుకాణం నూలంతా వెనక్కి తెప్పించుకున్నాడు.

చిలుకమ్మ తిట్టిన తిట్లు కొత్తవాడలో మూడు సందుల దాకా వినపడ్డాయి. పిచ్చోడా అంది, నా నోట్లె మట్టి గొడ్తవా అంది. అతను అంతా విని, మేనమామ అరుగు మీద కూర్చున్న సంగతి, తలుపు వెనక పిల్ల సంగతి చెప్పాడు. చిలుకమ్మ అక్కడే గుంజకు ఆనుకుని కూర్చుండిపోయింది.

“అన్నం తినెటోడు చేసే పనేనా అది?” అంది. తర్వాత లేచి ఎడమ పక్కన తన చోట్లో కూర్చుంది. “కింది నుంచి మొదలువెడ్తమా?”

“జంపఖానా కింది నుంచే గదా.”

“ఇంకేం, ముందు కాళ్ళు నేద్దాం. రేపు నీ మనసు మారినా కాళ్ళు ఉంటయ్.”

సొసైటీలో నూలు అప్పు తీసుకుని డెబ్భై రోజులు నేశారు. జంపఖానాలో జంపఖానా నేయడం వెంకట్రాజానికి అదే మొదటిసారి. తొమ్మిది చారలూ, కుచ్చులూ, చెప్పులూ, బొంగూ అన్నీ వచ్చాయి. గోపురం ఎక్కడ వంగిందో అక్కడే వంగింది, పక్క ఇంటి కప్పు తెగలేదు. ఆకాశం దగ్గర మాత్రం నక్షాలో లేని పని ఒకటి చేశాడు. అతుకు వచ్చిన వరసలో రెండు పోగులు పేనిన దొడ్డు నూలు వేశాడు.

ఎందుకన్నది 1980 ఫిబ్రవరిలో తెలిసింది. భద్రమ్మ దాన్ని గోడకు కట్టనివ్వలేదు. తన గదిలో నేల మీద పరిపించింది. వట్టి కాళ్ళతో దాని మీద అడుగు పెట్టి, మెల్లగా నడిచింది. తండ్రి మీదుగా, కుక్క మీదుగా, చర్చి మీదుగా నడిచి ఆకాశంలో ఆగింది. బొటనవేలుతో నేలను రాసి చూసింది.

“గిదేనా రాజం?”

“గదేనమ్మా.”

ఉగాదికి వేడుక జరిగింది. నల్ల అట్ట మళ్ళీ అతికింది, చట్రం మళ్ళీ గోడెక్కింది, దండ పడింది. సముద్రం దాటిన తొలి సాహసి గురించి ముగ్గురు పెద్దమనుషులు ఉపన్యసించారు. కిషన్ రావు కూడా మాట్లాడాడు, గొంతు వణక్కుండా. నిజం తెలిశాక మనుషులు మారతారని ఎవరన్నారో గానీ, వాళ్ళు హనుమకొండ బజారు చూసి ఉండరు. భద్రమ్మ మాత్రం తన గదిలోనే ఉండిపోయింది. చుట్టాలు ఆమెను పలకరించడానికి వస్తున్నారని తెలిసి, కిషన్ రావు ముందే లోపలికి వెళ్ళి జంపఖానాను తిరగేశాడు. జంపఖానాకు రెండు ముఖాలూ ఒకటేనని బట్టల సావుకారికి ఆ కంగారులో గుర్తు రాలేదు. చర్చి, పరదా, బొంగు, కాళ్ళు, అన్నీ మళ్ళీ పైకే ఉన్నాయి. చివరికి దాని మీద మంచం జరిపించాడు.

ఆ ఏడు జనవరి నుంచే ప్రతి నెలా ఒకటో తారీఖున వెంకట్రాజం వచ్చి ఆమె గదిలో కాసేపు కూర్చునేవాడు. ఆమె కొంగు ముడి విప్పి మూడు అయిదు రూపాయల నోట్లు ఇచ్చేది. నాయిన ఆ పదకొండు నెలలు సికింద్రాబాద్‌లో ఏం చేసి ఉంటాడని ఇద్దరూ ఊహలు అల్లేవారు. ఏ మిలిటరీ కాంట్రాక్టరు దగ్గరో పద్దులు రాసి ఉంటాడని ఆమె, ఏ నాటకాల కంపెనీలో పరదాలు లాగి ఉంటాడని అతను. తండ్రి తొమ్మిదింటిదాకా పడుకునేవాడు కాబట్టి రెండోదే నిజమని ఒక రోజు ఆమె ఒప్పుకుంది. నవ్వింది కూడా.

1981 మార్చిలో భద్రమ్మ చనిపోయింది. ఆ తర్వాత వెంకట్రాజం ఇంకో అయిదేళ్ళు నేశాడు. కుడికంటికి శుక్లం వస్తే సర్కారు దవాఖానలో తీశారు. కట్టు విప్పగానే ఏం కనపడుతోందని డాక్టరమ్మ అడిగితే, దుప్పటి పోగులు పల్చగా ఉన్నాయన్నాడు. చిలుకమ్మ పక్కనే ఉంది. “సూసిండ్రా డాక్టరమ్మా, ఇప్పుడు గూడ నా మొకం సూడలే,” అంది.

కూలి సంగతంటారా, భద్రమ్మ పోయిన పదకొండో రోజు అయ్యాక వెంకట్రాజం లండన్ హౌజ్‌కు వెళ్ళి మిగిలిన పైసలు అడిగితే, “నేను జెప్పిన మాల్ కాదు గదా” అన్నాడు కిషన్ రావు. జంపఖానా మాత్రం వాపసు ఇవ్వలేదు. చిలుకమ్మ కూడా రెండుసార్లు వెళ్ళి, బజారు వినేట్టు అడిగి వచ్చింది. ఒప్పుకున్న నాలుగు వందల ఎనభైలో భద్రమ్మ పదిహేను నెలలు కట్టింది పోను, 1986 నాటికీ ఆ ఇంటి నుంచి వెంకట్రాజానికి రెండు వందల యాభై అయిదు రూపాయలు రావాలి.